పాత మారుతి కారు: వేసంగికి ముందు చేయవలసిన నీటిపని

జ్యోతినగరు, రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల గ్రామములలో, వెనుక ఎడ్లబండి నిలుచుచుండిన చోట, నేడు కొందరు సభ్యుల యిండ్లముందు ఒక చిన్న పాత కారు నిలిచియుండుట చూచుచున్నాము. వానిలో మారుతి 800 బండ్లే హెచ్చు. విద్యుత్కేంద్రపు కాలనీలలోను, గనుల క్వార్టర్లలోను ఏండ్లతరబడి తిరిగిన బండ్లు చేతులు మారి తక్కువ వెలకు పల్లెలకు వచ్చుచున్నవి. విత్తనపు సంచులు తెచ్చుటకు, మార్కెట్టు యార్డుకు పోవుటకు, అర్ధరాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటకు అవి అక్కరకు వచ్చుచున్నవి. అయితే కొన్న వెలకంటె బాగుచేయించిన ఖర్చే హెచ్చయినదని మొరపెట్టుకొను సభ్యులు మాకు తరచుగా ఎదురగుచున్నారు. ఆ మొర వినియే ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ బండి 1983 డిసెంబరులో మొదట అమ్మకమునకు వచ్చెను. రామగుండము విద్యుత్కేంద్రములో మొదటి యంత్రము నడచినదియు ఆ సంవత్సరమే. 2014 జనవరితో ఈ బండి తయారీ ఆగిపోయెను. కావున ఎంత క్రొత్తదని చెప్పి అమ్మినను, పదేండ్లు దాటని మారుతి 800 నేడు లేదు. మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్ల యింజను, పండ్రెండంగుళముల చక్రములు. ఇంతకు మించిన ఆడంబరము దీనియందు లేదు. మూత యెత్తినచో హెచ్చు భాగములు కంటికి కనబడును, చేతికి అందును. నూనె యింజనును విప్పి బిగించి యెరిగిన రైతు దీనిని చూచి భయపడ నక్కరలేదు. 10, 12, 14, 17 నెంబరు పానాలు, ప్లగ్గు విప్పు పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక పట్టకారు ఉన్నచో ఇంటిపనికి చాలును.

మన ప్రాంతమున ఈ బండ్లు ముసలితనముచే చచ్చుట అరుదు. వేడిమిచే చచ్చుటయే హెచ్చు. అందుచేత మిగిలిన సంగతులు ముక్తసరిగా చెప్పి, నీటి సంగతి కొంత విపులముగా చెప్పెదము.

కాలిన పెట్రోలు వేడిమిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు పనికివచ్చును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము వెంట పోవును. కొంత నీరు మోసికొని పోవలెను. బావిగట్టున నూనె యింజను నడపిన పెద్దలకు ఇది తెలిసినదే. అయితే ఆ యింజనులో బావినీరు ఒక ప్రక్క ప్రవేశించి రెండవ ప్రక్క కాలువలో పడుచుండెడిది. ఎప్పటికప్పుడు చల్లని క్రొత్తనీరు. కారులో అట్లు కాదు. కొద్ది లీటర్ల నీరే ఇంజనుకును రేడియేటరుకును నడుమ మరల మరల తిరుగుచుండవలెను. బయట ఎండ 45 డిగ్రీలు దాటిన దినములలో కూడ ఆ కొద్ది నీరే ఇంజను ప్రాణమును కాపాడవలెను.

మన రైతులు చేయు మొదటి పొరపాటు ఇచ్చటనే. నీరు తగ్గినదని బోరునీరు పోయుదురు. మేము చదివిన మిషను బడిలో ఒక మాస్టరుగారు, స్నానపు నీళ్లు కాచు కాగులోపలి తెల్లని పొరను కత్తితో గీకి మా అరచేతిలో పెట్టి, ఇది నీటిలో కరగియున్న సున్నమని చూపిరి. అట్టి పొరయే రేడియేటరులోని సన్నని గొట్టములలో పట్టును. కాగునకు పట్టినచో కట్టెలు రెండెక్కువ కాలును. రేడియేటరుకు పట్టినచో ఇంజనే కాలును. కావున బోరునీరు, కాలువనీరు పోయరాదు. బ్యాటరీకి పోయు శుద్ధజలమును, కూలెంటు అను ఆకుపచ్చ ద్రవమును సీసాపై వ్రాసిన పాళ్లలో కలిపి పోయవలెను. కలిపియే అమ్మునవియు కలవు; వానిలో మరల నీరు కలుపరాదు. కూలెంటు లోపలి లోహమునకు త్రుప్పు పట్టనీయదు, నీరు మరుగు వేడిమిని కొంత పెంచును.

ఒక హెచ్చరిక. ఈ ద్రవము రుచికి తియ్యగా నుండును, కాని విషము. కుక్కలు, దూడలు, పసిపిల్లలు నాకినచో ప్రాణాపాయము. తీసిన పాతద్రవమును పళ్లెములో వదలివేయుటగాని, పశువులు త్రాగు తొట్టిదగ్గర పారబోయుటగాని చేయరాదు. డబ్బాలో మూతబెట్టి మెకానిక్కుకు అప్పగింపవలెను.

శివరాత్రి దాటగనే ఈ పని చేయుట మంచిది. ఉదయమున, ఇంజను పూర్తిగా చల్లగానున్నపుడే మూత తీయవలెను. రేడియేటరు అడుగు మర విప్పి పాతనీటిని డబ్బాలోనికి దింపుడు. తుప్పురంగున నున్నచో శుద్ధజలము నింపి, ఇంజనును కొంతసేపు నడపి, చల్లారనిచ్చి మరల దింపుడు. తేటనీరు వచ్చువరకు ఇట్లే చేయవలెను. పిమ్మట కూలెంటు నీటిని మెల్లగా పోయుడు. లోపల గాలి చిక్కుకొనుట కలదు గనుక, బండిలో వేడిగాలి మీట ఉన్నచో దానిని పూర్తిగా త్రిప్పి, మూత పెట్టకయే ఇంజను నడపి, బుడగలు ఆగువరకు కొద్దికొద్దిగా నింపవలెను. ప్రక్కనున్న ప్లాస్టిక్ సీసాలో రెండు గీతల నడుమ ద్రవముండవలెను.

మూతను గూర్చి రెండు మాటలు. అన్నము వండు ప్రెషరు కుక్కరు వలెనే రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని పట్టియుంచును. అందుచే నీరు 100 డిగ్రీలకే మరుగదు. దాని రబ్బరు ఎండి పగిలినచో ఒత్తిడి పోయి నీరు ముందే మరుగును. మూత వెల స్వల్పము, క్రొత్తది వేయుడు. ఇంజను వేడిగానున్నపుడు దానిని తెరచుట, కుక్కరును పొయ్యిమీదనే తెరచుటతో సమానము.

మీరు ఇంటివద్దనే చూడదగిన పరీక్ష ఒకటి. బండిని నీడన నిలిపి ఇంజనును ఊరక నడపుడు. వేడి చూపు ముల్లు నడుమకు వచ్చి కొంచెము దాటగనే రేడియేటరు వెనుకటి కరెంటు ఫ్యాను తనంత తాను తిరుగవలెను. తిరుగనిచో వెంటనే ఇంజను ఆపి, మొదట ఫ్యూజు చూడుడు. ఫ్యూజు బాగుగానుండి, బ్యాటరీనుండి నేరుగా తీగ నిచ్చినపుడు ఫ్యాను తిరిగినచో, దోషము వేడిని పసిగట్టు చిన్న స్విచ్చిలోనో తీగలలోనో కలదు. అప్పటికిని తిరుగనిచో ఫ్యాను మోటారే చెడినది. ఈ మాత్రము తెలిసికొని పోయినచో అనవసరపు సామాను కొనిపించుట తప్పును.

నీటిపంపును త్రిప్పు బెల్టు పగుళ్లు వారినదేమో వ్రేలితో తడవి చూడుడు. నడచుచుండగా బ్యాటరీ దీపము ఎర్రగా వెలిగినచో బెల్టు తెగియుండవచ్చును. నీటిపంపు కూడ ఆగియుండును గనుక తక్షణమే బండి నిలుపవలెను. రేడియేటరు రేకుల నడుమ బొగ్గుదుమ్ము, బూడిద, పురుగులు, ప్రత్తి నూగు చిక్కుకొనును. ఇంజనువైపునుండి ముందుకు మెల్లని నీటిధారతో కడుగుడు. కారు కడుగు జోరుధారతో కొట్టినచో రేకులు వంగిపోవును.

వేడి తగ్గుటకని థర్మోస్టాటు వాల్వును తీసివేయు అలవాటు మన మెకానిక్కులలో కలదు. మేము దానిని ఒప్పుకొనము. అది లేనిచో చలికాలపు ఉదయములలో ఇంజను చాలసేపు వేడెక్కదు, పెట్రోలు హెచ్చుగా త్రాగును. పాతది చెడినచో క్రొత్తది వేయవలెను గాని ఖాళీగా విడువరాదు.

ఇంత బోధించు మేము ఒకప్పుడు చేసిన తెలివితక్కువ పని దాచుట న్యాయము కాదు. కొన్నియేండ్లక్రిందట మే నెలలో పెద్దపల్లినుండి మా పాతబండిలో వచ్చుచుండగా, బసంతనగరు దాటిన పిమ్మట ముల్లు ఎర్రగీత నంటెను. ఇంకెంత, కొద్ది కిలోమీటర్లే గదా యని ఆపక నడపితిమి. ఇంటికి చేరితిమి, కాని సిలిండర్ల మీది అల్యూమినియపు హెడ్డు వంగి, గ్యాస్కెట్టు కాలిపోయెను. నూనెపుల్ల తీసిచూడగా నూనె మజ్జిగవలె తెల్లగానుండెను. బండి విప్పియుండిన ఆ దినములలోనే ఒక రాత్రి పొరుగింటి ఆడబిడ్డకు నొప్పులు వచ్చి, వారు వచ్చి మా తలుపు తట్టిరి. హెడ్డులేని బండిని వారికి చూపవలసివచ్చెను. ఆటో దొరకి, తల్లియు బిడ్డయు క్షేమముగానుండిరి. కాని ఆ గడియ మేము మరువలేదు. ముల్లు పైకెక్కగనే అరగంట ఆగియుండిన యెడల ఒక బెల్టు వెలతో పోయెడిది.

దారిలో ముల్లెక్కినచో చేయవలసినది ఇంతే. నీడచూచి నిలిపి ఇంజను ఆపుడు. మూత తాకకుడు. కాగిన ఇంజనుమీద చల్లనినీరు గుమ్మరింపకుడు, లోహము పగులును. అరగంటకు తక్కువగాక ఆగి, గొట్టము చేతికి ఓర్చునంత చల్లారిన పిమ్మట మందపుగుడ్డ వేసి మూతను కొంచెము కొంచెముగా సడలింపుడు. పిదప నీరు పోయుడు. ఆ సమయమున వేరుగతి లేనిచో ఏ నీరైనను పోయవచ్చును. ఇల్లు చేరిన తరువాత దానిని తీసివేయవలెను.

తక్కిన పనులు క్లుప్తముగా. బొగ్గుదుమ్ము ఉన్న మన త్రోవలలో గాలి వడపోయు కాగితపు ఫిల్టరును తరచుగా తీసి దులుపుడు. పెట్రోలుతో కడుగరాదు, నల్లబడినచో మార్చుడు. ఇంజను నూనె సుమారు మూడు లీటర్లు పట్టును. పుస్తకములో చెప్పిన గడువుకంటె కొంత ముందే మార్చినచో నష్టములేదు. తీసిన నూనెను బావిదగ్గరగాని, పొలపు కాలువలోగాని పోయుట మహాపరాధము.

పెట్రోలు గొట్టములను మాత్రము ఈ సంవత్సరమే చూచుకొనవలెను. పెట్రోలులో కలుపు ఇథనాలు 2022లో నూటికి 10 పాళ్లకు, 2025 నాటికి 20 పాళ్లకు చేరినది. అది చెరకు, మొక్కజొన్న, నూకలనుండి తీయబడునది గనుక రైతునకు గిట్టుబాటు కలిగించునదే. కాని పాత కార్బురేటరు బండ్ల రబ్బరు గొట్టములు దానికొరకు చేయబడినవి కావు. అవి గట్టిపడి బీటలువారును. ఉదయమున బండిదగ్గర పెట్రోలు వాసన వచ్చినచో, కారణము తెలియువరకు తాళము త్రిప్పకుడు, బీడీ ముట్టింపకుడు. ఇథనాలుకు తాళు గొట్టములు దుకాణములలో దొరకును, అడిగి తీసికొనుడు.

జాకీ ఒక్కదానిని నమ్మి బండిక్రింద దూరరాదు. చింతమొద్దును ఆనించి మరీ దూరవలెను. వాల్వులను నడపు టైమింగు బెల్టు, హెడ్డు విప్పుట, ఈ రెండును నేర్చిన మేస్త్రీకే విడువుడు. బండి వెనుక డబ్బాలో రెండు లీటర్ల కూలెంటు నీరు, ఒక నీటిపంపు బెల్టు, నాలుగు ఫ్యూజులు, ఒక మందపుగుడ్డ ఎల్లప్పుడు ఉంచుడు. బ్రేకుల సంగతి వచ్చు సంచికలో వ్రాసెదము.