ఆరోగ్య గ్రంథాలను కలిసి చదవడం

తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చాలా వైపుల ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. అందువల్ల వల్లూరు పరిసరాల్లో తెలుగు ఇంటి భాష, కన్నడం బడి భాష. అక్కడి నుండి నగరానికి వచ్చినవారిలో తెలుగు చక్కగా మాట్లాడుతూ కూడా తెలుగు లిపి చదవలేనివారు ఉంటారు. అటువంటివారికి పుస్తక బృందం ఎంతో ఉపకరిస్తుంది. ఒకరు పైకి చదువుతారు, మిగిలినవారు విని ప్రశ్నిస్తారు. కథల పుస్తకం విషయంలో పొరపాటుగా అర్థం చేసుకుంటే నష్టం స్వల్పం. ఆరోగ్య గ్రంథం అలా కాదు. దానిలోని మాట మరునాడే వంటింటికి, మందుల డబ్బాకు చేరుతుంది. కనుక అటువంటి గ్రంథాన్ని మూడు ప్రశ్నలతో చదవాలి.

మొదటి ప్రశ్న: ఈ అంకె ఎప్పటిది, ఎక్కడిది?

రాగుల విషయమే తీసుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఈ సంస్థ 1971లో వెలువరించిన ఆహార పట్టికలో నూరు గ్రాముల రాగులలో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్లు కనిపిస్తుంది. 2017 నాటి పట్టికలో అది 364. ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. పంట, నేల, పరీక్షా పద్ధతి మారినప్పుడు అంకె కొంత మారుతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములే గనుక, సంగటి తినే పెద్దల అలవాటు మేలైనదే అన్న నిర్ణయం మాత్రం మారదు. అయితే ‘రాగులలో చక్కెర ఉండదు’ అని ఏ పుస్తకమైనా చెబితే అక్కడ ఆగాలి. నూరు గ్రాముల రాగులలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. మధుమేహం ఉన్నవారికి సంగటి ముద్ద పరిమాణం కూడా ముఖ్యమే.

రెండవ ప్రశ్న: ఈ సలహా ఏ ఊరివారికి?

నీటిని మరిగించి తాగమని ఆరోగ్య పుస్తకాలు చెబుతాయి. క్రిముల విషయంలో అది సరియైన మాట. కాని పావగడ ప్రాంతపు భూగర్భ జలాల సమస్య ఫ్లోరైడ్. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది. మన దేశంలో ఈ నీటివల్ల ఎముకలు దెబ్బతినడాన్ని వైద్యులు తొలిసారి వివరించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది.

ఇక్కడ బృందంలోని ఊరివారి అనుభవం పుస్తకానికి తోడవుతుంది. కీళ్ళ నొప్పులకు వయస్సే కారణమని పుస్తకం చెప్పవచ్చు. బోరు నీరు తాగి పెరిగినవారు మాత్రం తమ ఊరి నీటి సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. నగరంలో పుట్టి పెరిగిన వైద్యునికి ఆ సంగతి తోచకపోవచ్చు. ఊరిలో ఉన్న తల్లిదండ్రుల తాగునీటిని పరీక్ష చేయించమని కోరడం కూడా ఈ చర్చ ఇచ్చే ఫలితమే.

మూడవ ప్రశ్న: ఇది చదివి ఏమి మానబోతున్నాము?

కొత్తగా ఒక కూర చేర్చుకోవడం వేరు, వాడుతున్న మందు మానివేయడం వేరు. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడేవారు పుస్తకం చదివి ఒక్కసారిగా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యుని అడగకుండా మాత్రలు ఆపినవారికి అది మితిమీరి పెరగవచ్చు. కాబట్టి ‘మానండి’ అని ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసి, దానిని వైద్యుని ముందు ఉంచాలి.

బృందం పాటించవలసిన పద్ధతి

ఒక సమావేశానికి ఒక అధ్యాయం చాలు. చదివేవారు ముందుగా రచయిత అర్హతను, ప్రచురణ సంవత్సరాన్ని చెప్పాలి. ఆ రచయితే ఏదైనా పొడి గాని, మందు గాని అమ్ముతున్నారా అన్నది గమనించాలి. ‘పుస్తకం చెప్పినది’, ‘మన ఇంట్లో జరిగేది’, ‘వైద్యుని అడగవలసినది’ అని మూడు వరుసలుగా రాసుకోవాలి. ఎవరి జబ్బునూ పేరు పెట్టి ప్రస్తావించరాదు. ఎవరైనా తమంతట తాము చెప్పుకుంటే ఆ మాట బృందం దాటి పోరాదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లోని ఆరోగ్య పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయింది?
2. అందులోని ఏ సలహా మీ సొంత ఊరికి సరిపోదు? కారణమేమి?
3. ఊరిలో తిన్న ఏ ఆహారాన్ని నగరానికి వచ్చాక మానివేశారు? దానిని మళ్ళీ తెచ్చుకోవడానికి అడ్డు ధరా, సమయమా, పిల్లల అయిష్టమా?