ఆన్‌లైన్ చెస్ పోటీ: నాకౌటా, లీగా, స్విస్సా?



సెలవుల్లో అపార్ట్‌మెంట్ పిల్లలో, బంధువుల పిల్లలో కలిసి ఆన్‌లైన్‌లో చెస్ పోటీ పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది. లిచెస్ వంటి ఉచిత వెబ్‌సైట్లలో కొద్ది నిమిషాల్లోనే పోటీ సిద్ధం చేసుకోవచ్చు. మనం ముందుగా బహుమతుల గురించి ఆలోచిస్తాం. అంతకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మొదటి ఆటలో ఓడిన పిల్లవాడు ఆ తర్వాత ఏం చేస్తాడు? దీనికి జవాబు మనం ఎంచుకునే పోటీ పద్ధతిలోనే ఉంటుంది.

పోటీకి 16 మంది పిల్లలు వచ్చారనుకుందాం.

నాకౌట్

ఓడినవారు తప్పుకోవాలి. ఒక్క విజేత మిగలాలంటే 15 మంది ఓడాలి కాబట్టి మొత్తం 15 ఆటలు, 4 రౌండ్లు. త్వరగా అయిపోతుంది. కానీ మొదటి అరగంటలోనే 8 మంది పిల్లల పోటీ ముగిసిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. చీటీలు తీసి జతలు కలిపితే, రెండో బలమైన ఆటగాడు మొదటి బలమైన ఆటగాడున్న సగంలోనే పడే అవకాశం 15లో 7. అంటే దాదాపు సగం సార్లు అతను ఫైనల్ చేరకముందే ఓడిపోవచ్చు.

ప్రపంచకప్ కూడా నాకౌటే. అయితే అక్కడ ఒక్క ఆటతో ఎవరినీ పంపేయరు. తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి ఆడిస్తారు. సమమైతే టైబ్రేక్. 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్‌ల రెండు ఆటలూ డ్రా అయ్యాక, టైబ్రేక్‌లో దివ్య గెలిచింది.

లీగ్ (రౌండ్ రాబిన్)

ప్రతి ఒక్కరూ అందరితో ఆడతారు. అన్నిటికన్నా న్యాయమైన పద్ధతి ఇదే. 2024లో గుకేశ్ గెలిచిన క్యాండిడేట్స్ టోర్నీలో 8 మంది ఒక్కొక్కరితో రెండుసార్లు తలపడ్డారు. అంటే ఒక్కొక్కరికి 14 ఆటలు.

మన 16 మందికి మాత్రం 16 × 15 ÷ 2 = 120 ఆటలు, 15 రౌండ్లు కావాలి. ఒక్క పూటలో తెమలదు. ఆరుగురే ఉంటే 15 ఆటలు, 5 రౌండ్లు. అప్పుడు లీగే మేలు.

స్విస్

1895లో జ్యూరిచ్‌లో మొదలైన పద్ధతి ఇది. ఎవరూ తప్పుకోరు. ప్రతి రౌండ్‌లో వీలైనంతవరకు సమాన పాయింట్లున్నవారిని జత కలుపుతారు. ఒకసారి తలపడిన ఇద్దరు మళ్లీ తలపడరు. గెలిచినవారికి బలమైన ప్రత్యర్థి, ఓడినవారికి తమ స్థాయి ప్రత్యర్థి దొరుకుతారు. చెస్ ఒలింపియాడ్ జరిగేది ఇలాగే. 2024లో బుడాపెస్ట్‌లో 11 రౌండ్ల తర్వాత భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచింది. ఆ జట్లలో అర్జున్ ఇరిగేశి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు.

16 మందికి 5 రౌండ్లు పెడితే 40 ఆటలు అవుతాయి. చివరి స్థానంలో నిలిచిన చిన్నారికి కూడా 5 ఆటల అనుభవం దక్కుతుంది. పిల్లలు బేసి సంఖ్యలో ఉంటే ప్రతి రౌండ్‌లో ఒకరికి ఆట లేకుండానే పాయింట్ ఇస్తారు.

సమయం లెక్క

ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు అదనంగా ఇస్తే, 40 ఎత్తుల ఆట 27 నిమిషాలు దాటదు. రౌండ్‌కు అరగంట చొప్పున 5 రౌండ్లు రెండున్నర గంటల్లో పూర్తవుతాయి.

పోటీకి ముందే చెప్పవలసినవి

• నెట్ పోయినా గడియారం ఆగదు. ఆ ఆటను ఏం చేయాలో ముందే నిర్ణయించండి.
• పాయింట్లు సమమైతే విజేతను ఎలా తేలుస్తారో చెప్పండి. ప్రత్యర్థుల పాయింట్లన్నీ కూడి, ఎక్కువ వచ్చినవారిని ముందుంచడం ఒక వాడుక.
• కంప్యూటర్ సాయం తీసుకోకూడదు. పక్కన కూర్చుని ఎత్తులు చెప్పడమూ అలాంటి సాయమే. ఈ నియమం పెద్దలకూ వర్తిస్తుంది.

మా సూచన: ఆరుగురి వరకు లీగ్, అంతకు మించితే స్విస్. నాకౌట్ తప్పదనుకుంటే జతకు రెండు ఆటలు పెట్టండి. చెస్ నేర్చుకునే వయసులో పిల్లలకు కావలసింది మరో ఆట ఆడే అవకాశం. ముఖ్యంగా ఓడిన వెంటనే.

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి

32 మంది నాకౌట్ ఆడితే మొత్తం ఎన్ని ఆటలు? అదే 32 మంది 5 రౌండ్ల స్విస్ ఆడితే ఎన్ని? రెండింటిలోనూ ఒక్క ఆటే ఆడి ఇంటికెళ్లేవారు ఎందరు?

(జవాబులు: 31, 80, నాకౌట్‌లో 16 మంది, స్విస్‌లో ఒక్కరూ లేరు.)