కంప్యూటర్ లేవకపోతే... బెంగళూరు రైలెక్కే ముందు

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో గనులు మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. అప్పట్నుంచి ఊరి బతుకు చాలామటుకు రైలు మీదే. మారికుప్పంలో బయల్దేరిన బెంగళూరు బండి ఛాంపియన్, ఊర్గాం, కోరమండల్, బెమెల్ నగర్ దాటి బంగారుపేట చేరేసరికి కాలు పెట్టే చోటుండదు. సాయంత్రం అదే బండిలో బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల నుంచి మదర్‌బోర్డులు, క్యాబినెట్లు రాబర్ట్‌సన్‌పేటకూ ఆండర్సన్‌పేటకూ వస్తుంటాయి. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్ళు ట్యాలీ లెక్కలో, డీటీపీనో, పెళ్ళి వీడియోల ఎడిటింగో చేసుకునేవాళ్ళు సొంతంగా బిగించుకునే కంప్యూటర్లు అవి.

బిగించడం కష్టం కాదు. వీడియో చూస్తూ బిగించేయొచ్చు. చివర్న బటన్ నొక్కితే ఏమీ కాకపోవడం దగ్గరే అసలు సమస్య. బెంగళూరులో ఉన్నవాడు మర్నాడే షాపుకెళ్తాడు. మీకు మాత్రం అది ఒకరోజు సెలవు, ఒకరోజు జీతం. పైగా డబ్బా మొత్తం మోసుకెళ్తే షాపువాడు తన కౌంటర్ మీద పెట్టి, తన కరెంటుతో ఆన్ చేసి, 'బాగానే ఉంది కదా సార్' అంటాడు. అందుకని నేను చెప్పేది ఒకటే. మెషిన్ ఎక్కడ ఆగుతోందో ఇంట్లోనే తేల్చుకుని, అనుమానం ఉన్న ఒక్క భాగాన్నే తీసుకెళ్ళండి.

ఇది నిజానికి కొనేటప్పుడే మొదలవ్వాలి. జీతం వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం కొని దాచుకునే అలవాటు మనవాళ్ళలో ఉంది. మానిటర్, కీబోర్డు, క్యాబినెట్ అలా కొనండి, నష్టం లేదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఒకేరోజు, ఒకే షాపులో కొనండి. ఈ నాలుగూ కలిస్తేగానీ ఏది పనిచేస్తోందో, ఏది లేదో తెలియదు. సంక్రాంతికి కొన్న ఎస్‌ఎంపీఎస్ పాడైందని ఉగాదికి తెలిస్తే షాపువాడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి దారి చూపిస్తాడు. నాలుగూ ఒకచోట కొన్నప్పుడు కౌంటర్ మీదే ఒకసారి ఆన్ చేసి చూపించమని అడగండి. మొహమాటపడకండి.

ఇక లేవని మెషిన్ సంగతి. బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను కరెంటు అడుగుతుంది. అది వచ్చాక ప్రాసెసర్ బయోస్ చదువుతుంది, ర్యామ్ చూస్తుంది, గ్రాఫిక్స్ చూస్తుంది, చివరికి డిస్క్ దగ్గరికి వెళ్తుంది. మీ మెషిన్ ఈ దారిలో ఎక్కడో నిలిచిపోయింది. దాన్ని కనుక్కోవడమే పని.

అసలు చలనమే లేకపోతే గోడ నుంచి మొదలుపెట్టండి. శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగలు లాగి 1902లోనే ఈ గనులకు కరెంటు తెచ్చారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప మన ఇళ్ళ ప్లగ్గుల దాకా రాలేదు. గని కార్మికుల పాత లైన్ ఇళ్ళలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్త్ వైరు ఉందని నమ్మడానికి లేదు. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటోందా? చాలామంది ఎస్‌ఎంపీఎస్ చెడిందనుకుని మార్చేస్తారు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేనప్పుడు అదే డబ్బా మీద నిలుస్తుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చినా జిల్లుమంటూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. సుమారు 230 వోల్టులు రావాలి. రాకపోతే ముందు ఎర్త్ వేయించండి. దానికి పెట్టే ఖర్చు దండగ కాదు.

గోడ బాగుంటే ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ చూడండి. నవ్వకండి, లేవని మెషిన్లలో కొన్ని ఆ స్విచ్ వేయగానే లేస్తాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 115, 230 అని ఇంకో ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115లో ఉండగా ప్లగ్ పెట్టారంటే ఇక పరీక్షించడానికి ఏమీ మిగలదు. తర్వాత క్యాబినెట్ బటన్ వైర్లు. మదర్‌బోర్డు అంచున సన్నని పిన్నుల వరసలో అవి ఒక గడి పక్కకు పడడం మామూలే. పుస్తకంలో బొమ్మ చూసి, పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. మెషిన్ లేచిందంటే తప్పు బటన్‌ది, లేదా దాని వైరుది. మదర్‌బోర్డును అనవసరంగా తిట్టుకున్నట్టే.

ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించే పద్ధతి మీరు వినే ఉంటారు. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలపడం. మిగతా కనెక్టర్లన్నీ పీకి, ప్లగ్ తీసి ఉన్నప్పుడే తీగ పెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. ఫ్యాన్ తిరిగితే ప్రాణం ఉన్నట్టు. తిరగకపోయినా పోయిందని చెప్పలేం. లోడు లేనప్పుడు ఫ్యాన్ ఆపేసుకునే మోడళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

మెషిన్ ఆన్ చేయగానే ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నాయంటే ఎక్కడో షార్ట్ ఉందని అనుమానించండి. మదర్‌బోర్డు కింద ఇత్తడి స్పేసర్లు ఉంటాయి. బోర్డుకు రంధ్రం లేనిచోట ఒక స్పేసర్ మిగిలిపోతే అది బోర్డు వెనక టంకాలను తాకుతుంది. దీనికి మందు ఒకటే. బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించి చూడండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా కావాలి. అక్కడ లేస్తే దోషం క్యాబినెట్‌లోనో, తగిలించకుండా వదిలేసిన భాగంలోనో ఉంది.

ఎక్కువమందిని ఏడిపించేది మూడో రకం సమస్య. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ముందు ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల కరెంటు కనెక్టర్ చూడండి. 24 పిన్నులది పెట్టాం కదా చాలనుకుంటారు, చాలదు. తర్వాత మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు కొని కేబుల్ మదర్‌బోర్డుకి పెడితే తెర రాదు. కార్డు లేకుండా ఐ5 12400ఎఫ్ లాంటి ప్రాసెసర్ కొన్నా రాదు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు. రైజెన్ 5 5600లో లేదు, 5600జీలో ఉంది. ఈ ఒక్క అక్షరం షాపులోనే చూసుకోవాల్సింది.

అవి సరిగ్గా ఉంటే ర్యామ్. తీసి, ఒక్కదాన్నే ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టి, టక్కుమనేదాకా నొక్కండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా అదే చోటు. పాత ర్యామ్ అయితే బంగారు రంగు పళ్ళను మెత్తని రబ్బరుతో తుడవండి. వేసవిలో గాలి లేస్తే సైనైడ్ దిబ్బల నుంచి వచ్చే సన్నని పొడి ఈ ఊళ్ళో ఏ స్లాట్‌నీ వదలదు. పని లేనప్పుడు స్లాట్లు తెరిచి ఉంచకండి. డీడీఆర్5 ర్యామ్ కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఓపిక పట్టలేక మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికే. ఆన్ చేసి టీ తాగి రండి.

అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉన్నాయేమో చూడండి. ఏది వెలిగి అలాగే నిలిస్తే అక్కడే ఆగినట్టు. దానికి ఫోన్‌లో ఫోటో తీసుకోండి, షాపులో పనికొస్తుంది. కరెంటు తీసేసి, సీఆర్ 2032 బ్యాటరీని కాసేపు బయటపెట్టి మళ్ళీ వేయడం కూడా ఒక ప్రయత్నం. పాత బోర్డుకు కొత్త ప్రాసెసర్ కొన్నప్పుడు మాత్రం రెండూ బాగుండి కూడా లేవకపోవచ్చు. బోర్డు లోపలి బయోస్‌కు ఆ ప్రాసెసర్ పరిచయం లేదు. దాన్ని అప్‌డేట్ చేయించాలి.

ఏ ప్రయత్నం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్, కేబుల్, బ్యాటరీ మూడూ ఒకేసారి మార్చి మెషిన్ లేస్తే ఏది చెడిందో మీకెప్పటికీ తెలియదు, వచ్చేవారం మళ్ళీ ఆగుతుంది.

తెర వచ్చి విండోస్ రావడం లేదంటే సగం గండం గడిచినట్టే. బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తోందా లేదా చూడండి. కనిపించకపోతే డిస్క్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. కనిపిస్తుంటే చాలావరకు విండోస్ ఎక్కించడంలోనే ఏదో తేడా, ముందే భాగాలను అనుమానించకండి.

ఇలా రెండు మెషిన్లు లేపారంటే వీధిలో మీ పేరు తెలిసిపోతుంది. పక్కింటివాళ్ళు తెచ్చిన డబ్బా విప్పే ముందే మీ కూలి ఎంతో చెప్పండి. మీ చేతికి వచ్చేసరికి ఏది పనిచేసింది, ఏది లేదు అని వాళ్ళ ముందే చీటీ రాయండి. ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నులు ఉన్నాయేమో వాళ్ళకే చూపించండి. వంగిన పిన్నులకు వారంటీ సాధారణంగా వర్తించదు, ఆ నింద మీమీదికి రాకూడదు.

షాపుకు వెళ్ళేటప్పుడు అనుమానం ఉన్న భాగం అది వచ్చిన సంచిలోనే పెట్టి, బిల్లు, సీరియల్ నంబరు, దీపం ఫోటో దగ్గర ఉంచుకోండి. 'లేవట్లేదు' అనకండి. 'బయట పెట్టి చూశాను, ర్యామ్ మార్చి చూశాను, డీర్యామ్ దీపం దగ్గరే ఆగుతోంది' అనండి. ఆదివారం సెలవు కదా అని బయల్దేరొద్దు. ఎస్పీ రోడ్డులో ఆరోజు చాలా షాపులు తెరవరు.