కణితికి వేడి, టి-కణాలకు కబురు

‘వేడికి కణితి మాడిపోతుంది’ అని చదివి వదిలేస్తే సగం మార్కే. 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కణాలు అక్కడికక్కడే చస్తాయి. రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌తో చేసే అబ్లేషన్ పని ఇది. సుమారు 40–43 డిగ్రీల హైపర్‌థెర్మియా తీరు వేరు. కణాలు హీట్ షాక్ ప్రోటీన్లు, ముఖ్యంగా హెచ్ఎస్పీ-70, ఎక్కువగా తయారుచేస్తాయి. కణితి యాంటిజెన్లను పట్టుకుని ఇవి బయటపడితే డెండ్రైటిక్ కణాలు అందుకుని టి-కణాలకు చూపిస్తాయి. దూరపు కణితీ తగ్గితే అది అబ్‌స్కోపల్ ప్రభావం. చాలా అరుదు. ఆ పేరు 1953లో ఆర్.హెచ్.మోల్ రేడియేషన్ గురించి పెట్టినది. బిట్ అడిగేది ఇక్కడే! ఆ ప్రభావం అరుదు కాబట్టే ఈ వేడి చికిత్సలను, టి-కణాలపై ఉన్న బ్రేకులు తీసే చెక్‌పాయింట్ మందులతో (2018 నోబెల్: ఆలిసన్, హోంజో) జతచేసి పరీక్షిస్తున్నారు.

స్థానికం: కాణిపాకం వైపు అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సింది, తిరుపతిలో టాటా ట్రస్టుల చేయూతతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ‘స్వీకార్’. ప్రారంభం 2022 మే.