హోమ్ డైరెక్టరీలో సాఫ్ట్‌వేర్ స్థాపన: అధికారి నిరూపణం

శాస్త్రగ్రంథారంభంలో విషయ, ప్రయోజన, సంబంధ, అధికారులనే అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం మన సంప్రదాయం. ఉమ్మడి కంప్యూటరుపై పనిచేసే పరిశోధకునికి ఈ నాల్గింటిలో చివరిదే ముందుగా ఎదురవుతుంది. మారేడ్‌పల్లిలో ఉంటూ, తన కళాశాలలోని లినక్స్ యంత్రంపై తాళపత్ర పాఠాన్ని పరిష్కరించే ఒక అధ్యాపకుని ఉదాహరణగా గ్రహిద్దాం. ఆయన ఒక తెలుగు ఫాంటును చేర్చబోగా యంత్రం నిర్వాహకుని సంకేతపదాన్ని కోరుతుంది. అంతమాత్రాన ఆయన అనధికారి అవుతాడా? కాడని నిరూపించడమే ఈ వ్యాసోద్దేశం.

లినక్స్‌కు మాతృకయైన యూనిక్స్ 1969లో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల కృషితో ఆరంభమైనది. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనే పద్ధతికి అనుగుణంగా అందులో ప్రతి ఫైలుకు ఒక యజమాని, చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులు ఏర్పడినవి. వ్యవస్థా విభాగాల్లో రాసే హక్కు 'రూట్' అనే నిర్వాహకునిది. హోమ్ డైరెక్టరీ వాడుకరిది. కావున పై నిషేధం స్థలాశ్రయమే గాని కర్మాశ్రయం కాదు. స్థలాన్ని మార్చుకొంటే కర్మ సిద్ధిస్తుంది.

ఫాంట్ల విషయం మిక్కిలి సులభం. హోమ్‌లోని 'డాట్ లోకల్', అందులోని 'షేర్', అందులోని 'ఫాంట్స్' అనే డైరెక్టరీలో 'మండలి' వంటి స్వేచ్ఛా ఫాంటు ఫైలును ఉంచి, 'ఎఫ్‌సీ-క్యాష్' అనే ఆదేశమిస్తే చాలును. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే చేరినది గనుక, ఫాంటు మారినా పాఠం మారదు. పూర్వపు ఫాంట్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంకేతక్రమం ఉండుటచే, ఆ ఫాంటు లేని యంత్రంపై పాఠమే దుర్గ్రాహ్యమయ్యేది.

ముద్రణకు తగిన అక్షరకూర్పు కావలెనన్న టెక్ లైవ్‌ను ఆశ్రయింపవచ్చు. దాని స్థాపక కార్యక్రమం గమ్యస్థానాన్ని ఎంచుకొననిస్తుంది. అక్కడ హోమ్ డైరెక్టరీని సూచించాలి. మూలరూపంలో లభించే అనేక కార్యక్రమాలకు 'కాన్ఫిగర్' దశలో 'ప్రిఫిక్స్' అనే వికల్పం ద్వారా ఇట్లే స్థలనిర్దేశం చేయవచ్చు. పిమ్మట ఆ స్థలాన్ని 'పాత్' అనే అన్వేషణ క్రమంలో మొదట చేర్చాలి. తుల్యబల విరోధంలో అష్టాధ్యాయి (1.4.2) పరసూత్రానికి ప్రాబల్యమిచ్చినది, ఇక్కడ మాత్రం ఒకే పేరుగల రెండు కార్యక్రమాలుంటే పూర్వస్థానంలోనిదే ప్రవర్తిస్తుంది.

ఈ అధికారానికి పరిమితులు గలవు. వాడుకరికి కేటాయించిన నిల్వస్థలం చాలకపోవచ్చు. కొన్నిచోట్ల హోమ్‌లోని కార్యక్రమాలను నేరుగా నడపకుండా నిర్వాహకులు నిరోధిస్తారు; అట్టి యంత్రాలపైనా ఫాంటు కేవలం దత్తాంశమగుటచే పనిచేస్తుంది. సంస్థ నియమం స్వీయస్థాపనను నిషేధిస్తే దానిని పాటించవలసిందే.

అన్నింటికంటె ముఖ్యమైనది బాధ్యత. రూట్ అధికారం లేని అపరిచిత కార్యక్రమం కూడా దానిని నడిపిన వాడుకరి ఫైళ్లన్నింటినీ చదువగలదు, చెరపగలదు. ఏళ్ల తరబడి సేకరించిన పాఠాంతరాలు క్షణంలో నశింపవచ్చు. కనుక మూలస్థానం నుండియే కార్యక్రమాన్ని గ్రహించడం, నవీకరణలను తానే చేసికొనడం, పాఠానికి వేరొకచోట ప్రతిని భద్రపరచడం అవశ్యకర్తవ్యాలు. వీటిని స్వీకరించినవాడే ఈ విషయంలో అధికారి.