మౌఖిక పరీక్ష

కళాశాలలో ప్రవేశము కోరు విద్యార్థికి కొన్నిచోట్ల వ్రాతపరీక్షతోపాటు మౌఖిక పరీక్షయు నుండును. దీనినే ఇంటర్వ్యూ అందురు. వ్రాతపరీక్షలో కాగితము మాటాడును. ఇందు విద్యార్థియే మాటాడవలెను. అందుచేతనే పెక్కుమంది దీనికి వెఱతురు.

నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో ఒక నేతపనివాని కుమారుడు మా పాఠశాలలో చదివెను. తెలివిగలవాడు. ఇంటర్వ్యూకు ముందు నెలదినములు గొప్ప విషయములను గూర్చి వ్యాసములు వల్లెవేసెను. పరీక్షకులు మొట్టమొదట, "మీ తండ్రిగారు ఏమి చేయుదురు?" అని యడిగిరి. వాడు సిగ్గుపడి, "వ్యాపారము" అనెను. "ఏ వ్యాపారము?" అని మరల నడుగగా తల వంచుకొనెను. పిదప తెలిసిన సంగతులును వాని నోట రాలేదు. ప్రవేశము దొరకలేదు.

ఆ సాయంకాలము వాడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ! రోజూ చూచు మగ్గమును గూర్చి చెప్పలేకపోతిని" అని కంటతడి పెట్టెను. లోకమును గూర్చి వానికి బోధించితిని గాని, తన యింటిని గూర్చి తలయెత్తి చెప్పుట నేర్పనైతిని. ఆ లోపము నాదే.

మరుసటి యేడు వాడు మరల వెళ్లెను. పడుగు, పేక, నాడె, వీని పనిని తేటగా వివరించెను. తెలియని ప్రశ్న రాగా, "తెలియదండి, తెలిసికొందును" అనెను. ఈసారి ప్రవేశము లభించెను.

1910లో శ్రీనివాస రామానుజన్ నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారిని దర్శించెను. ఆయనకు పట్టము లేదు. చేత నోటుపుస్తకము మాత్రము కలదు. అందలి గణితము కలెక్టరుగారికి మొదట బోధపడలేదు. రామానుజన్ సులభమైన ఫలితములతో నారంభించి, మెట్టుమెట్టుగా కఠిన విషయములకు వారిని గొనిపోయెను. ఏమి కావలెనని యడుగగా, పరిశోధన సాగించుటకు వలయు కొద్దిపాటి జీవనాధారము చాలుననెను. రామచంద్రరావుగారు కొంతకాలము నెలనెలా ధనసహాయము చేసిరి.

బాలబాలికలారా! మీరును ఇట్లే సిద్ధపడుడు. చదివిన పుస్తకములలో నొకదానిని ఇంటివారికి అర్థమగునట్లు చెప్పి చూడుడు. ధ్రువపత్రములను ముందునాడే సర్దుకొనుడు. వేళకు ముందే చేరుడు. ప్రశ్నను పూర్తిగా విని, క్షణమాలోచించి, బదులు చెప్పుడు. తెలియనిదానిని తెలియదనుట తప్పు కాదు. తెలిసినట్లు నటించుటయే తప్పు. కన్నవారి కష్టమును దాచుకొనవలసిన పనిలేదు. దానిని గౌరవముతో చెప్పగలవాని మాట ఎచ్చటను తడబడదు.