చెప్పవలసిన మాట

అద్దం మన ముఖంలోని మచ్చను చూపుతుంది. దానిని గోడవైపు త్రిప్పి ఉంచితే ఎవరికి ప్రయోజనం? ఉద్యోగి పనితీరుపై అధికారి ఏర్పరచుకొన్న అభిప్రాయం కూడ అటువంటిదే. అది ఉద్యోగికి చేరినప్పుడే దానికి సార్థకత.

మన ప్రభుత్వ కార్యాలయాలలో అధికారులు తమ క్రింద పనిచేసేవారి గుణదోషాలను ఏటేటా రహస్య నివేదికలో వ్రాసేవారు. ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలిపే ఆచారం ఉండేది. తక్కినవి బీరువాలోనే ఉండిపోయేవి. సరిహద్దు రహదారుల శాఖలో ఇంజనీరుగా పనిచేసిన దేవ్ దత్‌కు 1993-94 నివేదికలో ‘మంచి’ అన్న శ్రేణి లభించింది. వినడానికి అది మెప్పే. కాని పదోన్నతికి ‘చాలా మంచి’ శ్రేణి కావాలి. తనకు వచ్చిన శ్రేణి ఏదో ఆయనకు తెలుపలేదు, పదోన్నతీ దక్కలేదు.

ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. నివేదికలోని ప్రతి వ్యాఖ్యను, అది మెప్పయినా నిందయినా, తగిన వ్యవధిలో ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. తెలిసినప్పుడే కదా అతడు లోపాన్ని దిద్దుకోగలిగేది, అన్యాయమని తోస్తే విన్నవించుకోగలిగేది! 2009లో కేంద్రప్రభుత్వం ఆ నివేదిక పేరులోని ‘రహస్య’ పదాన్ని తొలగించి, దానిని ‘పనితీరు మదింపు నివేదిక’గా మార్చింది. పూర్తి నివేదికను ఉద్యోగికి అందజేయాలనీ, విన్నపానికి పదిహేను రోజుల గడువు ఇవ్వాలనీ ఆదేశించింది.

అయితే చెప్పే తీరు కూడ ముఖ్యమే. “నీవు సోమరివి” అంటే మనసు గాయపడుతుంది. “ఈ నెల మూడు దస్త్రాలు ఆలస్యమయ్యాయి, కారణమేమి?” అంటే పని చక్కబడుతుంది. మొదటిది మనిషిని నిందించడం, రెండవది పనిని విమర్శించడం.

అధికారి చెప్పడమే కాదు, అడగడమూ నేర్వాలి. యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో దాని ముందు నిలిచేవానికే బాగా తెలుసు. జపానులోని టయోటా సంస్థ 1951లోనే కార్మికుల సూచనలను స్వీకరించే పద్ధతిని ప్రారంభించింది. అడిగినవారు బదులు కూడ చెప్పాలి. సూచన అమలుకు నోచుకోకపోతే, ఎందుకో తెలపాలి. బదులు రాని చోట మరునాడు ఎవరూ నోరు విప్పరు.

దాచిన అభిప్రాయం తీర్పుగా మిగులుతుంది. పంచుకొన్న అభిప్రాయం పాఠమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

సార్థకత : ప్రయోజనం కలిగి ఉండడం
పదోన్నతి : పై ఉద్యోగం పొందడం
మదింపు : విలువ కట్టడం
దస్త్రం : కార్యాలయపు కాగితాల కట్ట

ప్రశ్నలు

1. ‘మంచి’ అన్న వ్యాఖ్య దేవ్ దత్‌కు ఎట్లు నష్టం కలిగించింది?
2. మనిషిని నిందించడానికీ, పనిని విమర్శించడానికీ గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.